ముందు కడుక్కోవలసిన చేతులు

జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
సోమవారపు అర్జీలు స్వీకరించు చోట,
గుంటూరు.

అర్జీదారుడు: నూర్‌బాషా ఇలియాస్, తండ్రి (లేటు) అల్లాబక్షు, వయస్సు నలభై మూడు, నివాసం ఏటుకూరు రోడ్డు. వృత్తి: ఫోను యాప్ ద్వారా వచ్చు ఆర్డర్లను ఇళ్ళకు చేరవేయుట (ప్రస్తుతము నిలిపివేయబడినది).

అయ్యా,

విషయం: బహిరంగ స్థలమందు అసభ్యముగా ప్రవర్తించినాడను కారణముపై నా ఐడీ నిలిపివేయబడుట గురించి, ఆ రోజు వాస్తవముగా జరిగినది విన్నవించుకొనుట గురించి, మరియు ఒక కొళాయి గురించి.

తమకు నమస్కరించి మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీని ఆఫీసు బయట బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన చేత రాయించవలెనని పోయిన సోమవారమే వచ్చితిని. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఊఁ, చెప్పు బాబూ, ఏం జరిగింది?" అన్నారు. చుట్టూ పింఛన్ల కోసం, పట్టాల కోసం వచ్చిన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను "రేషన్ కార్డు విషయమండీ, కాగితాలు ఇంటి దగ్గర మర్చిపోయాను" అని లేచి వచ్చేశాను. అందువల్ల నా చేతి రాతతోనే రాసుకుంటున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

1. నేను దూదేకుల వారి బిడ్డను. మా తాత పత్తి ఏకేవాడు. ఆ పని మిల్లులు మింగేశాక మా ఇల్లంతా మిరపకాయల్లోకి వచ్చింది. మా నాన్న మిరప బస్తాలు మోశాడు. మా అమ్మ రసూల్‌బీ, నా భార్య కరీమున్ షెడ్లలో కాయల తొడిమలు తీశారు. కరీమున్ ఇప్పటికీ తీస్తోంది. మిరపకాయల్లో పని చేసేవాళ్ళకు ఒక పద్ధతి ఉందండి. లోకమంతా లఘుశంకకు వెళ్ళొచ్చి చేతులు కడుక్కుంటుంది. మేము ముందు కడుక్కుని వెళ్తాం. వచ్చాక మళ్ళీ కడుక్కుంటాం, అది వేరే సంగతి. మా ఇళ్ళల్లో పిల్లలకు అఆలు రాకముందే ఈ ముక్క వస్తుంది. కావున ఆ రోజు నేను ఆ పద్ధతి మరచితినని ఎవరైనా తమకు చెప్పిన యెడల అది అవాస్తవము. నాకు తెలుసు. తెలిసే జరిగింది.

(లఘుశంక అనే మాట హైస్కూల్లో మా తెలుగు మాస్టారు ఇమ్మానియేలు గారు నేర్పారు. అప్పుడు వెనక బెంచీలో పడీ పడీ నవ్వాం. ఇంతకంటే మర్యాదైన మాట ఇవాళ నా దగ్గర లేదు.)

2. బస్తాలకు నడుము సహకరించక రెండేళ్ళ క్రితం ఈ యాప్ పనిలో చేరితిని. ఇందులో బిర్యానీ మోస్తాం, పార్శిళ్ళూ మోస్తాం. మిర్చి సీజనులో పార్శిళ్ళంటే ఎక్కువగా మచ్చు కవర్లే, అంటే సరుకు ఎలా ఉందో కొనేవాడికి చూపించే నాలుగు గుప్పెళ్ళ కాయలు. ఆ మధ్యాహ్నం ఒక కమీషన్ వ్యాపారి గారి దగ్గర మచ్చు తీసుకుని బ్రాడీపేటలో ఒక మేడ మీది ఆఫీసుకు పోతుండగా, మెట్ల మీద కవరు మూతి విడిపోయి కాయలన్నీ కింద పడినవి. మచ్చు తగ్గితే కాజేశాడంటారు. అందుచేత ఒక్క కాయ వదలకుండా, రాలిన గింజలతో సహా, రెండు చేతులతో ఎత్తి మళ్ళీ కవర్లో పోశాను. పైన ఆఫీసాయన తలుపు కొంచెమే తెరిచి, కవరు లాక్కుని, తలుపు వేసేసుకున్నాడు. కాసిని నీళ్ళు అడుగుదామనుకునే లోపలే.

అప్పటికే ఫోను మోగుతోంది. ఇంకో ఆర్డరు, హోటల్ నుంచి. వద్దంటే మన పేరు అట్టడుక్కి పోతుంది, ఆ పూట మళ్ళీ పిలవరు. తీసుకున్నాను. నాకు షుగరు ఉంది, ఆపుకునే శక్తి తక్కువ. చేతులు కడుక్కోవడానికి నా దగ్గర నీళ్ళ సీసా లేదు. మాలో ఎవరి దగ్గరా ఉండదు. తాగితే ఎక్కడికి పోవాలి? అందుకని తాగం, తాగం కనుక మోయం.

3. సదరు హోటల్ పేరు రాయడం లేదు. అందులో కౌంటరు చూసే మార్క్ మా వీధి చివరే ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అతని ఉద్యోగం నా వల్ల పోకూడదు. అతనికీ నాకూ జరిగిన సంభాషణ ఈ క్రింది విధముగా ఉన్నది.

"మార్కూ, ఒక్క నిమిషం బాత్రూముకు పోయొస్తా నాయనా."

"అన్నా, డెలివరీవాళ్ళని లోపలికి రానీయొద్దన్నారు. కెమెరా ఉందన్నా."

"పోనీ, చేతులు కడుక్కునే కాడికన్నా పోనీ. మిరపకాయలు ముట్టుకున్నాను రా."

"అక్కడ ఫ్యామిలీలు తింటున్నారన్నా. ఈ కంపెనీ చొక్కాతో నువ్వు అటు పోతే సాయంత్రానికి నన్ను తీసేస్తారు."

ఇదంతా అతను నా ముఖం చూడకుండా, బిల్లుల మీద రబ్బరు బ్యాండు వేస్తూ చెప్పాడు. ఆ హోటల్లో గోడ మీద "అతిథి దేవుడు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దేవుడికి తిండి మోసుకెళ్ళేవాడి గురించి ఎక్కడా రాయలేదు.

నీళ్ళ సీసా కొనుక్కోవచ్చు కదా అని తమకు తోచవచ్చును. కౌంటరు ముందు జనం వరుస కట్టి ఉన్నారు. నా శరీరం వరుసలో నిలబడే స్థితి దాటిపోయింది.

4. ఈ అంశమును రాసి కొట్టివేసి, మళ్ళీ రాసితిని. క్లుప్తముగా ముగిస్తాను. మార్క్ అందించిన ఆర్డరు తీసుకుని, హోటల్ పక్క ఖాళీ స్థలం గోడ వెనక్కి వెళ్ళాను. చేతులు చొక్కా అంచుకు గట్టిగా తుడుచుకున్నాను. చొక్కాకు కూడా కాయల దుమ్మే ఉన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు. చొక్కా అంచుతోనే పట్టుకుని పని కానిచ్చాను. తర్వాత ఏమైనదో తమరు మిర్చి జిల్లాకు అధికారి, ఊహించగలరు. నేను రాయలేను.

మంట మొదలయ్యాక మనిషికి చదువూ సంస్కారమూ ఏవీ గుర్తుండవండి. భుజాన ఆర్డరు సంచీతోనే రోడ్డు మీదికి పరుగెత్తాను. ఎదురుగా తాటాకు పందిరి, కొత్త చలివేంద్రం కనబడింది. ఆ ఉదయమే ఎవరో పెద్దవారు రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. తడిగుడ్డ చుట్టిన కొత్త కుండలు, పక్కన గ్లాసులు. నీళ్ళు పోసే ముసలామె పేరు అంకమ్మ అని తర్వాత తెలిసింది. నేను రొప్పుతూ రావడం చూసి, దాహంతో వచ్చాననుకుని, "అయ్యో, ఎండన పడొచ్చావా నాయనా, ఇంద తాగు" అని రెండు చేతులతో గ్లాసు అందించింది.

నేను తాగలేదు.

ఆమె ఎదుటే ప్యాంటు సడలించి ఆ నీళ్ళు పోసుకున్నాను. నీళ్ళతో మంట ఇంకా పెరిగింది. కుండ ఎత్తి కుమ్మరించుకున్నాను. అంకమ్మ గారు గుండెలు బాదుకుంటూ, "ఓరి నీ జిమ్మడ! మంచినీళ్ళురా అవి! జనం తాగే నీళ్ళురా!" అని అరిచింది. ఆమె తిట్టిన మిగతా తిట్లన్నీ మర్చిపోయాను గానీ ఈ మాట మాత్రం చెవిలోంచి పోవడం లేదు. మా అమ్మ వయసు మనిషి, చల్లగా తాగమని ఇచ్చిన నీళ్ళు. మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళాను. పాత కుండలన్నీ పగలగొట్టి కొత్తవి పెట్టించారట. రోడ్డుకు ఇవతలే కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను.

పట్టుకున్న కానిస్టేబుల్ గారు మొదట చెయ్యెత్తారు. సంగతి చెప్పగానే ముఖం అటు తిప్పుకున్నారు, భుజాలు ఊగుతున్నాయి. వారిదీ మిర్చి పండించే ఊరేనట. "ఏరా, నీళ్ళతో పోద్దా అది? ఇంటికి పోయి పెరుగు రాసుకో" అని చెప్పి, చిన్న కేసు రాసి వదిలారు. వారిపై నాకు ఫిర్యాదు లేదు. ఆ తర్వాత నేను ఆర్డరు కూడా ఇచ్చే ఇంటికి వెళ్ళాను. తలుపు తీసినామె సంచీ తీసుకుని, "థాంక్యూ అండీ, పాపం చెమటలో తడిసిపోయారు" అన్నది. యాప్‌లో నాకు అయిదు చుక్కలూ వేసింది. అది చెమట కాదని ఆమెకు తెలియదు.

5. ఈ మొత్తమును ఎవరో ఫోనులో తీసి ఊరంతటికీ పంపిరి. "చలివేంద్రంలో డెలివరీ బాయ్ వికృత చేష్ట" అని దానికి పేరు పెట్టారు. నలభై మూడేళ్ళవాణ్ణి, నెత్తి సగం నెరిసింది, బాయ్ అన్నారు. బయటివాళ్ళు నన్ను పిచ్చివాడనుకున్నారు, లేక తాగుబోతనుకున్నారు. మా వీధిలో మాత్రం చూసీ చూడగానే అసలు విషయం అర్థమైపోయింది. అదే ఎక్కువ బాధ. "మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినోడివి, ముందు చేతులు కడుక్కోవాలని తెలీదంట్రా? నీ పెళ్ళానికి పెరుగు తెమ్మని చెప్పలేక నేను చచ్చాను" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

కరీమున్ షెడ్డులో ఆడవాళ్ళంతా కింద కూర్చుని తొడిమలు తీస్తూ ఉంటారు. అక్కడ మాటలకు తక్కువ ఉండదు. వీడియో వచ్చిన మర్నాడు ఆమె పనికి పోలేదు. ఆ తర్వాతి రోజు చీర కొంగు నడుముకు దోపుకుని, "నేను పోకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు" అని బయలుదేరింది. సాయంత్రం వచ్చి ఏమన్నారో చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటర్ చదివే మా సఫూరా నా ముఖం చూడకుండా అన్నం వడ్డిస్తోంది. కోపం కాదండి. చూస్తే నాకు సిగ్గేస్తుందని చూడడం లేదు. దానికంటే తిట్టినా బాగుండేది.

6. వీడియోలో నా ఒంటి మీద కంపెనీ చొక్కా ఉన్నందున, "అసభ్య ప్రవర్తన" అని కారణం చూపి ఐడీ మూసివేసిరి. నా మాట చెప్పుకుందామంటే అక్కడ మనిషి లేడు. యాప్‌లో ఒక గడి ఉంటుంది, అందులో రాయాలి. జరిగినదంతా మర్యాద గల మాటల్లో రాశాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఆర్డరు ఆలస్యమైందా?" అని జవాబు వచ్చింది. కాదు అని రాశాను. "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం" అని వచ్చింది.

లేబరు ఆఫీసుకు పోగా అక్కడి గుమాస్తా గారు మంచివారే, కూర్చోబెట్టి విన్నారు. విని, "మీరు వాళ్ళ పనివారు కారు కదండీ, కాగితాల ప్రకారం భాగస్వామి. భాగస్వామి తరఫున మేమేం చేస్తాం?" అన్నారు. తమరే సెలవియ్యండి. వ్యాపారంలో భాగం ఉన్నవాడికి చేతులు కడుక్కునే చోట భాగం ఎందుకు లేదు?

7. మా ప్రాంతం బండ్లన్నీ చూసే టీమ్ లీడరు అనిల్ కుమార్ ఒక దారి చెప్పినాడు. కంపెనీ వారు రాసి పంపిన ఒక కాగితం మీద నేను సంతకం చేస్తే ఐడీ తెరుస్తారట. అందులో ఇట్లున్నది: "హోటల్ వారు తమ మరుగుదొడ్డి వాడుకొనమని సూచించినప్పటికీ నేను నా ఇష్టపూర్వకముగా బయటకు వెళ్ళితిని. ఇందులో హోటల్ వారి తప్పుగానీ కంపెనీ వారి తప్పుగానీ లేదు."

"అన్నా, రెండు లైన్లే కదా, పెట్టేసెయ్. ఊరందరూ చూసేశారు, ఇంక నీ దగ్గర పోయే పరువేముంది?" అన్నాడు అనిల్. అన్నవాడు చెడ్డవాడు కాదు, నా మేలు కోరే అన్నాడు. అతను చెప్పింది నిజమే. పరువు పోయింది. కానీ పోయిన పరువుకు కారణం నా ఇష్టం అని నా చేతే రాయించుకుంటే, రేపు మా సఫూరా ఆ కాగితం చూస్తే, నాన్నకు అది ఇష్టమై చేశాడు అనుకోదా? ఆ కాగితంపై ఇంతవరకు సంతకం చేయలేదు. జేబులో ఉన్నది.

8. మాలో లిడియా గారని ఒక ఆడమనిషి ఉన్నారు. స్కూటీ మీద తిరుగుతారు, చర్చి దగ్గర ఇల్లు. మా సెంటరులో బండ్లు ఆపుకుని ఆర్డరు కోసం ఎదురుచూసే వాళ్ళలో ఆమె ఒక్కరే ఆడమనిషి. వీడియో వచ్చాక మగపిల్లలందరూ నన్ను చూడగానే "అన్నా, చేతులు కడుక్కున్నావా?" అని ఆట పట్టించారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వినట్టు నటించాను. ఆమె నవ్వలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "ఇలియాసన్నా, నీకు గోడన్నా ఉంది" అన్నది. అంతే అన్నది.

నెల క్రితం ఆమె బండి మీది నుంచి కళ్ళు తిరిగి పడిపోయారు. షుగరు తగ్గిందని మాతో చెప్పారు. మేమందరం నమ్మి, చాక్లెట్లు జేబులో పెట్టుకోమని సలహా ఇచ్చాం. నిజానికి ఆమెకు షుగరు లేదని, ఈ అర్జీ సంగతి తెలిశాక తనే చెప్పారు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరేటప్పటి నుంచీ పని ముగిసేదాకా చుక్క నీళ్ళు తాగరట, ఈ గుంటూరు ఎండల్లో. మూత్రంలో రక్తం పడితే ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు గారు నీళ్ళు బాగా తాగమని రాసిచ్చారు. ఆ చీటీ ఫోను కవర్లో పెట్టుకుని, మూడో రోజే తాగకుండా పనికి వచ్చింది. ఈ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. అయితే ఆమె పేరు కంపెనీ వారికి చేరకుండా తమరు కాపాడగలరు. చేరితే ఆమె ఐడీ కూడా పోతుంది, ఆ ఇల్లు గడిచేది దాని మీదే.

9. పై కారణముల చేత తమరు దయతో:

నా ఐడీని అబద్ధపు కాగితము లేకుండానే తెరిపించవలెను.

మేము ఆర్డర్ల కోసం ఎదురుచూసే సెంటర్లలో మరుగుదొడ్డి ఒకటి, కొళాయి ఒకటి ఏర్పాటు చేయించవలెను. కొళాయి బయటి వైపున ఉండవలెను. మిర్చి ముట్టుకున్న చేత్తో తలుపు పట్టుకుంటే తర్వాత వచ్చేవాళ్ళకు ప్రమాదము. తలుపుకు లోపలి గడియ ఉండవలెను.

అంతవరకు, ఏ హోటల్ తిండి మేము మోస్తున్నామో ఆ హోటల్ వారు మమ్మల్ని లోపలికి రానిచ్చునట్లు ఒక ఉత్తర్వు ఇప్పించవలెను. మేము కుర్చీల్లో కూర్చోము. ఎవరి వైపూ చూడము. చొక్కా విప్పి రమ్మన్నా విప్పి వస్తాము.

(పై వాక్యము రాసిన తర్వాత కొట్టివేయవలెననిపించినది. ఇంత దూరం ఎందుకు దిగజారి రాశానో నాకే తెలియదు. కానీ చూడగా, నిజముగా విప్పి వస్తాము. కావున ఉంచితిని.)

సిగ్గు విడిచి రాసిన ఈ నాలుగు ముక్కలూ తమరు ఏకాంతమున ఒకసారి చిత్తగించవలెను. నలుగురిలో పైకి చదివించవద్దని వేరుగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు, కాగితాల ప్రకారము భాగస్వామి,
నూర్‌బాషా ఇలియాస్

తా.క.: ఇది తమ ఆఫీసు వరండాలో, వరుసలో నిలబడి రాస్తున్నాను. అనిల్ కుమార్ ఇప్పుడే ఫోన్ చేశాడు. "అన్నా, ఇవాళ మధ్యాహ్నం లోపల పంపకపోతే ఐడీ శాశ్వతంగా తీసేస్తారంట, ఇంక నా చేతుల్లో ఉండదు" అన్నాడు. నేను 7వ అంశములో చెప్పిన కాగితం జేబులోంచి తీసి, ఈ గోడకు ఆనించి సంతకం చేశాను. ఫొటో తీసి పంపాను. ఐడీ తెరుచుకున్నది. హోటల్ వారు మరుగుదొడ్డి చూపించారని అందులోనూ, చూపించలేదని ఇందులోనూ నా సంతకమే ఉన్నది. తమరు ఇదే నమ్మగలరు.

ఈ అర్జీ చింపేద్దామనుకున్నాను. నాకు తోడు వచ్చిన లిడియా గారు చేతిలోంచి లాక్కున్నారు. "నీ పేరు కొట్టెయ్యన్నా, నా పేరు రాసుకుంటా" అన్నారు.

"వద్దు చెల్లెమ్మా, నీ ఐడీ పోద్ది."

"పోతే పోనీ అన్నా. మళ్ళీ ఆ ఆసుపత్రి మంచం ఎక్కేదానికన్నా నయమే."

పైనా కిందా నా పేరు కొట్టివేసి, పక్కన ఆమె పేరు ఉండుటకు కారణము ఇదియే. 8వ అంశములో ఆమె పేరు దాచమని కోరిన మాట రద్దు చేసుకుంటున్నాను. అది ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

ఫోను మోగింది. ఆర్డరు వచ్చింది, తీసుకున్నాను. ఆమె వరుసలో నిలబడుతోంది, నేను వెళ్తున్నాను. సిగ్గుగా ఉంది. అయినా వెళ్తున్నాను.

అయ్యా, ఆమె వంతు వచ్చినప్పుడు అంతమంది మగవాళ్ళ ముందు నోరు విప్పదు. దయచేసి పక్కకు పిలిపించి, కూర్చోబెట్టి, ఒక ఆడ అధికారి చేత అడిగించండి. పొద్దుటి నుంచీ రోడ్ల మీదే ఉంటావు కదా, ఎక్కడికి వెళ్తావమ్మా అని అడిగించండి. రెండేళ్ళు పక్కపక్కన బండ్లు ఆపుకుని కూర్చున్నాం. నేను ఒక్కసారీ అడగలేదు.